ముట్టుకున్న ప్లేటు మళ్లీ బెల్టు మీద పెట్టకూడదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ప్రయాణాల పేజీలో పిల్లలతో జపాన్ వెళ్లేవాళ్ల కోసం వేసిన వ్యాసం చదివాను. అందులో బెల్టు మీద తిరిగే సుషి గురించి, అంటే అన్నం ముద్ద మీద చేప ముక్కలాంటివి పెట్టి, ఆ ప్లేట్లని కదిలే బెల్టు మీద మన ముందుకి పంపే జపాన్ తిండి గురించి, నాలుగు వాక్యాలున్నాయి. పిల్లలకి భలే సరదా అని, భాష రాకపోయినా ఇబ్బంది లేదని, నచ్చిన ప్లేటు తీసుకుని తినేయడమేనని, శాకాహారులకి ఇనారి సుషి, మిసో అనే సోయా ముద్దతో చేసే సూప్ దొరుకుతాయని. మేము మే నెలలో వెళ్లొచ్చాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల అబ్బాయి, ఆరేళ్ల అమ్మాయి, డెబ్బై దాటిన మా అత్తయ్య. మేమూ అచ్చం ఇలాంటి మాటలే అక్కడా ఇక్కడా చదువుకుని వెళ్లాం. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. రాయకపోతే ఇంకో కుటుంబం కూడా మాలాగే వెళ్లి మాలాగే తలదించుకుని కూర్చోవాల్సి వస్తుంది.

ముందు ఒసాకా సంగతి చెప్తాను. మా పిల్లలు నెల రోజులుగా ఆ బెల్టు వీడియోలు చూసి చూసి, టెంపుల్సూ వద్దు, కోటా వద్దు, ముందు సుషి రైలు దగ్గరికే తీసుకెళ్లమని ప్రాణం తీశారు. తీరా వెళ్తే అక్కడ ఏదీ తిరగడం లేదు. ప్రతి టేబుల్ దగ్గరా ఒక టచ్ స్క్రీన్ ఉంది, అందులో ఇంగ్లిష్ కూడా ఉంది, బొమ్మ చూసి నొక్కితే కాసేపటికి ప్లేటు సర్రున వచ్చి సరిగ్గా మన ముందు ఆగుతుంది. అంతే. పక్క టేబుల్‌ది పక్కవాళ్లకి, మనది మనకి. మా అబ్బాయి ఆ ఖాళీ దారి వంక చూస్తూ "ఇది తిరగదా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. మా ఆయన ఫోన్‌లో అనువాదం పెట్టి అడిగితే, ఇప్పుడు ఆర్డర్ చేసినవే పంపుతున్నామని అక్కడి అమ్మాయి వంగి మరీ క్షమాపణ చెప్పింది. తనేదో తప్పు చేసినట్టు.

ఎందుకు ఆపేశారో ఆ రాత్రి హోటల్‌కి వచ్చాక కూర్చుని చదివాను. చదువుతుంటే మనసు బాగా కష్టపడింది.

ఈ బెల్టు పుట్టిందే ఒసాకా పక్కన. షిరైషి యోషియాకి అనే సుషి షాపు యజమానికి పనివాళ్లు దొరక్క, ఇంతమందికి ఒక్కొక్కరికీ తెచ్చి వడ్డించడం ఎలాగా అని సతమతమవుతుంటే, బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద కదిలి వెళ్లడం చూసి ఈ ఆలోచన వచ్చిందట. కొన్నేళ్లు కష్టపడి తయారు చేయించుకుని 1958లో హిగాషి ఒసాకాలో మొదటి షాపు తెరిచాడు. వేగం ఎంత ఉండాలన్నదానికే చాలా తంటాలు పడ్డాడు. మరీ గబగబా తిరిగితే చేప ఎండిపోతుంది, తీసుకునేవాడికి భయం. మరీ నెమ్మదైతే కూర్చున్నవాడికి విసుగు. చివరికి సెకనుకి 8 సెంటీమీటర్ల దగ్గర కుదిరిందని చెప్తారు. 1970లో ఒసాకాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనతో దేశమంతా దీని పేరు తెలిసిపోయింది. సుషి అంటే అంతకుముందు డబ్బున్నవాళ్లు కౌంటర్ ముందు కూర్చుని, ధర ఎంతో అడగడానికి కూడా మొహమాటపడుతూ తినే తిండి. బెల్టు వచ్చాక ఆ చుట్టుపక్కల చిన్న చిన్న ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు పిల్లల్ని తీసుకొచ్చి కూర్చోబెట్టి, ప్లేటు ధర ఎంతో ముందే తెలుసుకుని, జేబులో ఉన్నదాన్ని బట్టి తినగలిగారు. ఇది చిన్న విషయం కాదు. వంటవాడికీ మనకీ మధ్య భాషా లేదు, హోదా లేదు, ప్లేటు కనపడుతుంది, చేయి చాచి తీసుకుంటాం.

2023 జనవరిలో గిఫు అనే ఊళ్లో, ఒక బెల్టు సుషి షాపులో ఒక కుర్రాడు, ఇంకా స్కూల్లో చదువుకునేవాడే, సోయా సాస్ సీసా మూతిని నాకి, అందరూ వాడే టీ కప్పు అంచు నాకి దాన్ని మళ్లీ అక్కడే పెట్టి, తడి వేలితో బెల్టు మీద పోతున్న సుషిని తాకాడు. స్నేహితుడు వీడియో తీశాడు. అది దేశమంతా చూసింది. ఆ షాపులో సీసాలు, కప్పులు అన్నీ మార్చారు, కంపెనీ ఆ కుర్రాడి మీద 6 కోట్ల 70 లక్షల యెన్‌లకి దావా వేసింది, ఆ ఏడాది జూలైలో రాజీ కుదిరి కేసు ఉపసంహరించుకుంది. డబ్బు మాట అలా ఉంచండి. ఆ తర్వాత చాలా సుషి షాపుల చైన్లు బెల్టు మీద తిప్పడం మానేసి, ఆర్డర్ చేసినవే నేరుగా పంపడం మొదలుపెట్టాయి. న్యాయంగా చెప్పాలంటే అంతా ఆ ఒక్కడి వల్లే అనడం కూడా సరికాదు, కరోనా రోజుల్లోనే కొంత మారింది, ఎవరూ తీసుకోక పారేయాల్సి వచ్చే చేప కూడా బెల్టు మీద ఎక్కువే. 350 మీటర్లు తిరిగిన ప్లేటు ఆటోమేటిక్‌గా పక్కకి పోయేలా చిప్ పెట్టుకున్న చైన్ కూడా ఉంది. ఇంకో పక్క కురా సుషి వాళ్లలా ప్రతి ప్లేటు మీదా మూత పెట్టి ఇప్పటికీ తిప్పుతున్నవాళ్లున్నారు. కానీ ఆ మూతలు కూడా సరిపోవని, ఎవరైనా తెరిచి మళ్లీ మూస్తున్నారేమో కనిపెట్టే కెమెరాలు పెట్టుకోవాల్సి వచ్చింది. అరవై ఏళ్లకి పైగా ఎవరి కాపలా లేకుండా నడిచినదానికి.

స్క్రీన్ మీద నాకు కోపమేమీ లేదు. వేస్టు తగ్గుతుంది, తాజాగా వస్తుంది, ధర తెలుస్తుంది. కానీ పిల్లలతో కూర్చున్నప్పుడు తేడా ఏమిటో నేను కళ్లారా చూశాను. ఒసాకాలో మా అబ్బాయి స్క్రీన్ మీద తనకి తెలిసిన సాల్మన్ వెతికి పట్టుకుని ఐదుసార్లు అదే తెప్పించుకున్నాడు. (ఆ సాల్మన్‌ని పచ్చిగా సుషిలో తినడం జపాన్ వాళ్లకీ పాత అలవాటు కాదు, 1980ల్లో నార్వే వాళ్లు తమ చేప అమ్ముకోవడానికి పనిగట్టుకుని అలవాటు చేశారు.) తెలిసిన పేరే నొక్కుతాం కదా ఎవరమైనా. బెల్టు అలా కాదు. తెలియనిది దానంతట అదే కళ్ల ముందుకొస్తుంది, వెళ్లిపోతుంది, తిరిగి వస్తుంది, మూడోసారి వచ్చేసరికి చేయి చాస్తాం.

అందుకే ఒసాకా నుంచి కనజావాకి వెళ్లాం. నిజానికి మా ఆయన కెన్‌రోకుఎన్ తోట కోసం పెట్టుకున్న ఊరది. కానీ జపాన్‌లో సుషి బెల్టుల్లో చాలా భాగం తయారయ్యేది ఆ ప్రాంతంలోనే అని చదివాక, అక్కడైనా తిరక్కపోతుందా అనుకున్నాం. తిరిగింది. మార్కెట్ దగ్గర చిన్న షాపు, మధ్యలో ముగ్గురు వంటవాళ్లు, వాళ్ల చుట్టూ బెల్టు, బెల్టు చుట్టూ మనుషులు. బెల్టు పైన నెలవంకల్లాంటి పలకలు ఒకదాని మీద ఒకటి జరుగుతూ మలుపు దగ్గర విసనకర్రలా విచ్చుకుని మళ్లీ దగ్గరవుతుంటాయి, చిన్నగా గరగరమని చప్పుడు. మా అబ్బాయి తినడం మానేసి ఆ మలుపునే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తనంతట తనే, పేరు తెలియని గోధుమరంగు ముక్క ఒకటి తీసుకున్నాడు. అనగో, పాములా పొడుగ్గా ఉండే ఈల్ చేప. తిని, ఏమీ మాట్లాడకుండా ఇంకోటి వస్తుందేమో అని మెడ చాచి చూశాడు. ఆ ఊరు వచ్చినందుకు నాకు అదొక్కటి చాలనిపించింది.

ఇక అసలు సంగతి. మా అమ్మాయికి గులాబీ రంగు ప్లేటు నచ్చింది. దాని మీద అమాఎబి, ఆ వైపు తీపి రొయ్య, తల తీయకుండా పెట్టారు. రంగు చూసి తీసుకుంది, దగ్గరికి వచ్చాక నల్లటి కళ్లు, మీసాలు కనిపించేసరికి భయపడిపోయి, నేను సాస్ పోస్తూ తల తిప్పిన ఆ ఒక్క క్షణంలో, ప్లేటుని మళ్లీ బెల్టు మీద పెట్టేసింది. నేను చూసేసరికి అది కదిలిపోతోంది. మా ఆయన లేచి చేయి చాచారు, అందలేదు. మా పక్కన ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చుని ఉన్నారు. నేను గట్టిగా "సుమిమాసెన్", అంటే క్షమించండి, అని అరిచాను, నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఆ పెద్దావిడ మా వైపు చూడలేదు. ఎడమ చేత్తో ఆ ప్లేటుని నెమ్మదిగా తీసి, తన ముందు కాకుండా గట్టు మీద పక్కగా పెట్టి, వంటాయనకి కళ్లతో చూపించింది. ఆయన వచ్చి ఆ ప్లేటు తీశాడు. దాని ముందున్న ప్లేటు, వెనకున్న ప్లేటు కూడా తీశాడు. ఆ రెండింటినీ మా అమ్మాయి తాకలేదు, మేము చూశాం, ఆయనా చూసే ఉంటాడు. అయినా తీసేశాడు. మూడు ప్లేట్లూ లోపలికి వెళ్లిపోయాయి. మళ్లీ వచ్చి బెల్టు మీద ఆ జానెడు మేర గుడ్డతో తుడిచాడు. ఒక్క మాట అనలేదు, ముఖం కూడా మార్చలేదు.

మూడు ప్లేట్లకీ డబ్బులిస్తామని ఎంత చెప్పినా వాళ్లు ఒప్పుకోలేదు. ఆఖరికి రొయ్యల ప్లేటు ఒక్కటి మా లెక్కలో కలిపారు. మా అమ్మాయి ఏడవలేదు కానీ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, ఆ తర్వాత ఏదీ తీసుకోలేదు. దాని తప్పు కాదది. ఆరేళ్ల పిల్లకి ఎవరు చెప్పారు? "నచ్చింది తీసుకోవచ్చు" అని నేనే పదిసార్లు చెప్పాను. తీసుకున్నాక నచ్చకపోతే ఏం చేయాలో చెప్పలేదు. తీసుకున్నది మనదే, తినకపోయినా టేబుల్ మీదే ఉంచుకోవాలి, డబ్బులు కట్టాలి, బెల్టు మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. లోపలికి వెళ్లేముందు గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగి ఈ మాట చెప్పి ఉంటే సరిపోయేది. అక్కడి పిల్లలకి ఇది నడక వచ్చిన దగ్గర్నుంచీ తెలుసు, మన పిల్లలకి తెలియదు, మనకీ సరిగా తెలియదు. ఇంకా తిప్పుతున్న ఆ కొద్ది షాపులూ ఎవరో ఒక యాత్రికుడి నిర్వాకం చూసి, ఎందుకొచ్చిన టెన్షన్ అని బెల్టు ఆపేసుకుంటే వాళ్లని తప్పుపట్టలేం కదా.

అదే భోజనంలో, దీనికి కాస్త ముందే, మా అత్తయ్య విషయం జరిగింది. ఆవిడ చేప, మాంసం, గుడ్డు ముట్టరు. ఒసాకాలో ఇనారి, అంటే వేయించిన టోఫు సంచిలో అన్నం కూరిన తియ్యటి సుషి, రెండు ప్లేట్లు తిన్నారు, మిసో సూప్ తాగారు, బాగుందన్నారు. నాకూ నిశ్చింతగా అనిపించింది. కనజావాలో ఎందుకో అనుమానం వచ్చి, ఇనారిలో చేప ఏమైనా ఉంటుందా అని ఫోన్‌లో రాసి వంటాయనకి చూపించాను. ఆయన చదివి, ఒక్క క్షణం ఆలోచించి, లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి చూపించాడు. అందులో లేత గోధుమరంగులో చెక్క చెక్కినట్టు పల్చటి పొరలు, సంచి మీద చేప బొమ్మ. కత్సుఒబుషి. ఎండబెట్టిన బొనిటో చేపని చెక్కిన పొరలు. వాటిని నీళ్లలో మరిగించి తీసిన రసాన్నే దాషి అంటారు. ఆ దాషిలోనే టోఫు సంచుల్ని ఉడికిస్తారు, మిసో సూప్ కలిపేది సాధారణంగా దాన్లోనే, ఉడాన్ నూడుల్స్ సూపూ అంతే, గుడ్డు అట్టులోనూ పోస్తారు. కంటికి కనపడదు. చేప వాసన అని మనకి తట్టదు కూడా.

అత్తయ్య చాప్‌స్టిక్స్ కింద పెట్టేశారు. నేను ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను. కాసేపటికి ఆవిడే "తెలిసి పెట్టావా ఏంటమ్మా, పిల్లలు చూస్తున్నారు, తిను" అన్నారు. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు, ఇప్పటిదాకా ఎత్తలేదు. వంటాయన మాత్రం మొత్తం అర్థం చేసుకున్నట్టున్నాడు. కత్తి, పలక కడుక్కుని, దోసకాయతో కప్పామకి, తర్వాత పసుపుపచ్చటి ముల్లంగి ఊరగాయతో ఇంకో రోల్ చుట్టి, బెల్టు మీద పెట్టకుండా చేత్తో తెచ్చి ఆవిడ ముందే పెట్టాడు. అన్నం, కాయ, సముద్రపు నాచు, అంతే. ఆవిడ రెండు చేతులూ జోడించి నమస్కారం పెడితే ఆయన తల వంచాడు.

అంత మంచి మనుషుల ముందు మనం కాస్త తెలుసుకుని కూర్చోవడం మన బాధ్యత అని నాకు గట్టిగా అనిపిస్తోంది, అందుకే ఇంకొన్ని చిన్న విషయాలు కూడా రాస్తున్నాను. టేబుల్ దగ్గర నల్లటి మీట ఉన్న ఒక కుళాయి ఉంటుంది. అది చేతులు కడుక్కోవడానికి కాదు, గ్రీన్ టీ పొడి కప్పులో వేసుకుని ఆ మీట నొక్కితే వేడి వేడి నీళ్లొస్తాయి. మా అబ్బాయి ఒసాకాలో దాని కింద చేయి పెట్టబోతుంటే మా ఆయన మణికట్టు పట్టుకుని లాగారు, లేకపోతే చేయి బొబ్బలెక్కేది. బెల్టు పక్క సీట్లో పెద్దవాళ్లే కూర్చోవాలి, పిల్లలు బెల్టుకి దూరంగా ఉండే వైపు, వాళ్లకి ఎంత ముచ్చటగా ఉన్నా సరే, ప్లేటు మనమే తీసివ్వాలి. వసాబి అనే ఘాటైన పచ్చటి ముద్ద ముందే పెట్టేస్తారా లేదా విడిగా ఇస్తారా అన్నది షాపుని బట్టి ఉంటుంది, పిల్లలకైతే "సాబినుకి" అంటే వసాబి లేకుండా ఇస్తారు. వీడియో కోసం ఫోన్‌ని బెల్టు మీద పెట్టి తిప్పేవాళ్లుంటారు, అది దయచేసి ఎవరూ చేయొద్దు. అటు వంటవాళ్ల తిండి మధ్యలోకి, ఇటు తింటున్న ప్రతివాళ్ల ముఖాల ముందుకి మన ఫోన్ వెళ్తుంది, మన ఇంటి భోజనాల బల్ల దగ్గరికి తెలియనివాడు కెమెరా పట్టుకొస్తే ఊరుకుంటామా? ఇంకొకటి, పిల్లలు పైన చేప తినేసి అన్నం ముద్దలు వదిలేస్తుంటారు, మా వాళ్లూ వదిలారు. ఆ అన్నం మీద వాళ్లకి చాలా గౌరవం, వెనిగర్ కలపడం దగ్గర్నుంచి అదొక విద్య. తినగలిగినదానికంటే ఎక్కువ ప్లేట్లు తీసుకోకుండా ఉంటే అన్నం మిగలదు.

టూర్లు నడిపేవాళ్లు కూడా ఈ ఉత్తరం చదువుతారనే ఆశ నాకుంది. పాస్‌పోర్ట్ జిరాక్సులు, స్వెట్టర్లు, అడాప్టర్లు అని పెద్ద లిస్టు ఇస్తారు కదా, దాన్లో ఈ ప్లేటు మాట ఒక్క లైను కలపండి. మూడు రోజుల తర్వాత తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ ఒక బెల్టు షాపుకి వెళ్లాం. అమ్మాయి వస్తానంది. ఒక పసుపు ప్లేటు రెండుసార్లు తిరిగి వెళ్లేదాకా చూసి, మూడోసారి వస్తుంటే వేలు మాత్రం చూపించి, "అది తీసిస్తావా అమ్మా? నేను మొత్తం తింటాను" అంది. మొక్కజొన్న గింజలు పైన వేసిన సుషి. మొత్తం తింది.

సంపాదకులకి ఒక మనవి. మీ వ్యాసంలో శాకాహారులకి ఇనారి, మిసో సూప్ ఉంటాయన్న వాక్యాన్ని మాత్రం దయచేసి సరిదిద్ది వేయండి, వ్యాసం వచ్చిన చోటే, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో. సెలవులకి టికెట్లు కొనుక్కున్నవాళ్లు ఆ కాగితం కత్తిరించి దాచుకుని ఉంటారు. వాళ్లతో మా అత్తయ్య లాంటి పెద్దవాళ్లుంటారు.

— మీ పాఠకురాలు